మసి అంటని వంపు

"మామయ్యా, ఇంక ఆపు! ఎర్రబట్టల మీద, నల్లబట్టల మీద మసి ఎవరికి కనిపిస్తుంది?"

అబ్రఫి అరిచింది. లేజర్ మిషన్ పక్కన అరవకపోతే వినబడదు. బెడియాకో మామయ్యకు వినబడింది, వినదలచుకోలేదు. ఉప్పుకాగితం మడిచి, పల్చటి చెక్కపక్షి మెడ వంపులో పెట్టి రుద్దుతున్నాడు. రుద్దినదాన్ని ఒడిలోని తెల్లగుడ్డకు రాసి చూస్తున్నాడు. గీత పడితే మళ్లీ రుద్దుడే.

ఘానాలోని కుమాసిలో ఆ చెక్కపని దుకాణాన్ని బతికించేది చావులే. శనివారం బట్టలకొట్టు పొకువా అంత్యక్రియలు. వచ్చినవాళ్లకు వెనక్కి చూసే పక్షి ఆకారంలో విసనకర్రలు పంచాలి. పొకువా అరవై దాటలేదని తనే చెప్పుకునేది. ఆ వయసు చావుకు ఎరుపూ నలుపూ కడతారు. పండి రాలినవాళ్లకే తెలుపు.

"మిషన్ కోసేవీ కోతలే, నువ్వు కోసేవీ కోతలే. చేతిరంపంతో ఒక్క ఊపిరిలో వంపు తీశానంటావు!"

"తీశాను. నీ మిషన్‌కు మెడ దగ్గర నత్తి. ఆగిన చోటల్లా కాలింది, చూడు."

నిజమే. అబ్రఫి కంప్యూటర్‌లో గీసిన మెడ చిన్నచిన్న గీతల అతుకు. అతుకు వచ్చినప్పుడల్లా కిరణం తటపటాయించి చెక్కను మాడుస్తోంది. ఆమె గొణుక్కుంటూ మెడను ఒకే వంపుగా మళ్లీ గీసింది. చెక్కకు రెండువైపులా కాగితం టేపు అంటించింది. పైకి లేచిన మూలల మీద బరువులు పెట్టింది. మిషన్ ఊదే గాలీ, కోసే వేగమూ పెంచింది. నీలిపొగ కిటికీలోంచి జారిపోయింది. టేపు ఊడదీస్తే వంపు తేనెరంగులో మెరిసింది.

"పొగ తగ్గితేనే పొగడ్త," అన్నాడు మామయ్య. "నిన్న కోసినవి నాకొదిలెయ్."

పక్కన తినకుండా వదిలేసిన కెంకీ, ఆ మొక్కజొన్న ముద్ద, చల్లారిపోయింది. కాలిన చెక్క వాసనలో ఆయన ఎక్కడికో తేలిపోయాడు. పడుచు రోజుల్లో సంతలో తన బల్ల. చెక్కదువ్వెన కొనడానికి వంగిన పొకువా.

"నా వయసెంతో చెప్పు చూద్దాం?"

"ఇరవై."

ఆమె పగలబడి నవ్వి, చెవిలో అసలు లెక్క చెప్పింది. ఆయనకంటే పదేళ్లు పెద్దది. "ఎవరికీ చెప్పకు. ఇరవై అన్నావుగా, ఆ మాట మీదే ఉండు."

అప్పటినుంచీ ఆయన మాట మీదే ఉన్నాడు, ఆమె వయసు మీదే ఉంది. ఇప్పుడు ఆమె చెల్లెలు ఎలాగూ నిజం చెప్పేస్తుంది. తెల్లబట్టలు వస్తాయి. పొకువా వీడ్కోలులో ఒక్క మరకా పడకూడదు. ఆయన మళ్లీ రుద్దసాగాడు.

సాయంత్రం పొకువా మేనల్లుడు అడోమాకో బంధువులతో పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, కొంప మునిగింది! మా చిన్నత్త ఇవాళ నోరు విప్పింది. అత్తకు తొంభై మూడట! అందరూ తెలుపే కట్టాలన్నారు పెద్దలు."

"తొంభై మూడా! అయ్యో, మసి..."

అబ్రఫి కుప్పలోంచి ఒక విసనకర్ర లాగి అతని తెల్లచొక్కాకు రాసేసింది.

"నా చొక్కా!"

మరక పడలేదు. ఇంకోటి రాసింది. ఇంకోటి. ఏదీ అంటలేదు.

"నీకు ముందే తెలుసా, మామయ్యా?"

ఆయన గోడకు తల ఆన్చి ఉన్నాడు. మిషన్ ఆగి చాలాసేపయింది. ఆయన ఎప్పుడు ఆగాడో ఎవరూ చూడలేదు. అబ్రఫి పట్టుకున్న ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఆ రోజంతా అరిచిన అబ్రఫి, అక్కడున్న అందరికీ మొదటిసారి మెల్లగా చెప్పింది. "ఆయనకు తెలుసు. ఆమెకు మాటిచ్చుంటాడు, అందుకే నోరు విప్పలేదు. అందుకే పొద్దుట్నుంచీ రుద్దాడు."

ఒడిలో తెల్లగుడ్డ నల్లగా మారిపోయి ఉంది. దాని మీద ఆఖరి పక్షి, శుభ్రంగా, మెడ తిప్పి వెనక్కి చూస్తూ.