స్కోఫీల్డ్స్‌లో ఆరు బీచ్‌లు

లాస్యకు అన్నింటికంటే పెద్ద భయం ఒకటే: తను చూస్తూ ఉండగానే మనిషి తప్పిపోవడం. ఆ మనిషి ఆమె మనసులో ఎప్పుడూ రెండున్నరేళ్ళ గీతికే. అందుకే షాపుకు వెళ్ళినా పార్కుకు వెళ్ళినా కూతురి మణికట్టుకు తన చున్నీ కొస చుట్టి పట్టుకునేది. చూసినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు, పిల్ల ఉంది కదా అనుకునేది.

నంద్యాల నుంచి సిడ్నీకి, ఈ స్కోఫీల్డ్స్‌కి వచ్చి ఏడాది కావొస్తున్నా ఊరు అంతుపట్టలేదు. ఏ వీధి చూసినా తమ వీధిలాగే ఉండేది. పదో తరగతి మధ్యలో ఆగిన చదువు. ఇంగ్లీషు వింటే సగం అర్థమయ్యేది, తిరిగి చెప్పాలంటే నోట్లో తడి ఆరిపోయేది.

అలాంటి మనిషికి దొరికిన స్నేహం పక్కింటి కలియోపి ఆంటీ. ఎనభై దాటిన గ్రీకు ముసలావిడ. ఏదో చిన్న దీవిలో పుట్టి, పెళ్ళీడులో ఓడెక్కి ఈ దేశం వచ్చింది. ఆమె ఇంగ్లీషూ ముక్కలు ముక్కలే కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది. కూతురు ఎలెని తెల్లారగానే ఉద్యోగానికి వెళ్ళిపోతే, పది గంటలకల్లా ఆంటీ గడ్డి టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడేది.

"లాసియా! కమ్. టుడే బీచ్."

మొదటిరోజు చూపించిన బీచ్ ఇంటి వెనక పార్కులో ఉయ్యాల కింద పోసిన ఇసుక. చిన్నపిల్లల బీచ్ అంది. రెండోది వాననీళ్ళు నిలిచే చెరువు గట్టు. అది పడవల బీచ్. మూడోచోట కొండ మీంచి మేకలు దిగొచ్చి ఉప్పురాళ్ళు నాకుతాయట. చూస్తే ఎవరింటి ముందో పరిచిన తెల్ల గులకరాళ్ళు. గీతిక ఒక రాయి ఏరుకుని "గోట్!" అని అరిచింది. గాలి ఎటు నుంచి కొడుతుందో, ఏ బండ పక్కన నీళ్ళు చల్లగా ఉంటాయో ఆంటీ చేతులు తిప్పుతూ చెబుతుంటే లాస్యకు ఏమీ తోచేది కాదు. పిల్లను ఆడించడానికి అంటోందా, లేక నిజంగానే ఈ ఇళ్ళ వెనక సముద్రం ఉందా? తను సముద్రం చూసింది విమానం కిటికీలోంచే.

సాయంత్రం భర్త బాలమురళిని అడిగింది. "ఏమండీ, మన ఇంటికాడ సముద్రం ఉందా?"

"యాభై కిలోమీటర్లు పోవల్ల. ఎవురు చెప్పినారే నీకు?" అన్నాడు లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

"ఆంటీ రోజూ చూపిస్తాండాది గదా. ఇప్పటికి ఐదు బీచ్‌లు చూసినాం."

"ఐదా! నాలుగేండ్లుగా ఈడుండి నేను రెండే చూసినా. నీ జాగ్రఫీ సారు ఎవురో గానీ ఆయప్పకు దండం పెట్టల్ల."

"బుక్కు సగంలో ఉండంగనే మా నాయన బడి మాన్పించినాడు. మిగిలిన సగంలో ఉందేమో మీ సముద్రం."

అతను గట్టిగా నవ్వాడు. "పాపతో ఆడుకుంటాండాదిలే ముసలామె. నీకన్నీ అనుమానాలే."

ఆటేనేమో అని లాస్య ఊరుకుంది. ఆరో బీచ్‌కు మాత్రం ఆంటీ తీసుకెళ్ళలేదు. కొత్త ఇళ్ళు కడుతున్న వైపు, ఇనుప కంచె అవతలికి వేలు చూపించి, "నో బేబీ దేర్. డీప్," అంది. అక్కడ వాళ్ళ నాన్న పడవ ఆగుతుందట. రాళ్ళు జారుతాయి కాబట్టి చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్ళాలట.

జనవరిలో ఒకరోజు ఎండ నలభై డిగ్రీలు దాటింది. లాస్య కర్టెన్లు లాగుతూ బయటికి చూస్తే ఆంటీ ఒక్కతే వెళ్తోంది. టోపీ లేదు. భుజాన తువ్వాలు, చేతిలో చెప్పులు. లాస్య గబగబా గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కడికి ఆంటీ?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందని వాళ్ళ జేజి, అదే నాయనమ్మ, నెత్తి మీద మొట్టి మరీ నేర్పింది. అందుకని నవ్వి చెయ్యి ఊపింది. ఆంటీ ఎవరినో చూసినట్టు చూసి వెళ్ళిపోయింది.

గంట తర్వాత తలుపు దబదబా మోగింది. ఎలెని. ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదని ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చింది.

"డిడ్ యూ సీ మమ్?"

"యెస్. షి గో."

"వేర్?"

"ఐ నో ఆస్క్."

ఈ ఎండలో ఒంటరిగా పోతుంటే ఎక్కడికని కూడా అడగలేదా అని ఎలెని అరిచింది. జేజి మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? ఎలెని పోలీసులకు ఫోన్ చేసి, అమ్మకు మతిమరుపు జబ్బనీ, తనెక్కడుందో కూడా మర్చిపోతుందనీ చెబుతుంటే సగం సగం అర్థమైంది. అంటే అది ఆట కాదా? మరి ఇన్నాళ్ళూ తను వెనకాల తిరిగింది దేనికి?

"షి గో బీచ్," అంది లాస్య.

"దేర్ ఈజ్ నో బీచ్!"

లాస్యకు ఆంటీ చేతిలోని చెప్పులే కళ్ళముందు ఆడుతున్నాయి. గీతికను చంకనేసుకుని, నీళ్ళ బాటిల్ పట్టుకుని ఇనుప కంచె వైపు పరుగు తీసింది. అటే అవునో కాదో తెలియదు. వెనకాల ఎలెని.

సగం కట్టిన ఇంటి నీడలో, ఇసుక కుప్పకు ఆనుకుని కూర్చుంది ఆంటీ. తారురోడ్డు వేడికి అరికాళ్ళు కాలి బొబ్బలెక్కాయి. లాస్యను చూసి, "బోట్ గాన్?" అంది.

ఔననాలా, కాదనాలా? "టుమారో ఆంటీ," అని నీళ్ళు తాగించింది.

మర్నాడు ఎలెని వచ్చి చాలాసేపు కూర్చుంది. నువ్వు ఔనౌనని వెంట తిరగడంవల్లే అమ్మకు ముదిరిందో, నువ్వు వెంట తిరగడంవల్లే దొరికిందో నాకే తెలియడం లేదు అంది. వెళ్తూ తమ ఇంటి తాళంచెవి ఒకటి బల్ల మీద పెట్టింది. అది కోపమో నమ్మకమో లాస్య తేల్చుకోలేకపోయింది. తేలకపోయినా రోజూ పది గంటలకు తనే వెళ్ళి తలుపు తీసేది.

మే నెలలో బాలమురళి ఉద్యోగం బ్రిస్బేన్‌కు మారింది. ఇప్పుడు లాస్య అక్కడి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటోంది. ఫోన్ చేస్తే ఆంటీ ఆమె గొంతు గుర్తుపట్టదు. ఎలా ఉందని మెసేజ్ పెడితే ఎలెని "ఓకే" అని పెడుతుంది. ఆ ఓకేలో ఏముందో లాస్యకు అర్థం కాదు.

మీలో ఎవరైనా స్కోఫీల్డ్స్ వైపు ఉంటే, పార్కు వెనక వీధిలో నిమ్మచెట్టున్న ఇల్లు చూసుకుని, పగటిపూట ఒకసారి వెళ్ళండి. బెల్ కొట్టి కాసేపు ఆగండి, ఆంటీ నెమ్మదిగా వస్తుంది. పాదాలు మానాయో లేదో, నీళ్ళు తాగుతోందో లేదో చూసి లాస్యకు ఒక్క మాట చెప్పండి.