దిండు చేత కబురు

సోఫాల మేస్త్రికి ఎక్కడైనా గుంట కనబడితే చెయ్యి ఆగదు. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీని నొక్కి చూసి, ఆ తరువాతే మనుషుల్ని పలకరిస్తాడు. అలాంటి మనిషి ఇంట్లో, కిటికీ పక్కన, భార్య ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని తన ఒంటికి సరిపడా గుంట చేసుకున్న కుర్చీ ఒకటి ఉండేది. ఒకరోజు ఆవిడ డ్యూటీకి వెళ్ళినప్పుడు మేస్త్రి దాన్ని కింద దుకాణంలోకి దింపి, పాత స్పాంజి పీకి పారేసి, గట్టి స్పాంజి దట్టించి, బల్లలా చదును చేసి, మళ్ళీ పైకి చేర్చాడు. సాయంత్రం ఆవిడ వచ్చి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ముందుకు జారింది.

"నా గుంట ఏదీ?" అంది.

"పూడ్చేశాను," అన్నాడు మేస్త్రి, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

ఆ తరువాత ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. ఎంత కుట్టు తెలిసినవాడైనా ఇంటి గుట్టు తెలియకపోతే ఇంతే.

ఆవిడ బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరందరికీ వినిపించే గొంతు. పగలంతా మైకులో మాట్లాడే మనిషి కదా, ఇంట్లో నోటికి విశ్రాంతి ఇస్తోంది కాబోలని మేస్త్రి మొదట్లో సరిపెట్టుకున్నాడు. విశ్రాంతి మరీ ఎక్కువైపోయేసరికి తనూ మాట మానేశాడు. ఆయనది మేకు, ఆవిడది మైకు. రెండూ బిగుసుకున్నాయి.

కానీ కాపురం అన్నాక కబుర్లు నడవాలి. గ్యాసు అయిపోతుంది, తాళంచెవి కనబడదు, కుళాయి కారుతుంది. ఇవన్నీ ఎవరో ఒకరితో చెప్పాలి. దుకాణం కింద, ఇల్లు పైన, మధ్యలో మెట్లు. ఆ మెట్ల మీద తిరిగే జీవి ఇంకొక్కటే ఉంది. అది దిండు.

దిండు గండుపిల్లి. దుకాణంలో దూది మూటల మధ్య దొరికింది కాబట్టి ఆ పేరు. అప్పట్లో అది పేరుకే దిండు.

"ఒరే దిండూ, గ్యాసు అయిపోవచ్చిందని కింద ఆయనతో చెప్పరా!" అని పైనుంచి ఆవిడ కేకేసేది.

"దిండూ, గ్యాసు వాళ్ళకి పొద్దున్నే ఫోన్ చేశానని పైన ఆవిడకి చెప్పరా!" అని కిందినుంచి ఆయన కేకేసేవాడు.

పిల్లి మెట్టు ఎక్కకముందే కబురు చేరిపోయేది. మైకు లేకపోయినా బస్టాండు గొంతు బస్టాండు గొంతే. అయినా పద్ధతి పద్ధతే. పిల్లి స్వయంగా రావాలి. పిల్లి ఊరికే రాదు. అందుకని పైన ఆవిడ చేతిలో చేప ముక్క, కింద ఆయన జేబులో బిస్కెట్టు. కబురు పంపినవాళ్ళు ఒక ముక్క, అందుకున్నవాళ్ళు ఒక ముక్క. ఎవరి లెక్క వాళ్ళకే తెలుసు. పైన ఎంత పెడుతున్నారో కింద తెలియదు, కింద ఎంత పెడుతున్నారో పైన తెలియదు. ఇంట్లో మాటలు తగ్గినకొద్దీ దిండు బరువు పెరిగింది. మధ్యవర్తి కదా, ముందు మధ్యభాగం పెరిగింది. పోనుపోను ఎటు చూసినా మధ్యభాగమే అయింది.

ఒక ఉదయం మేస్త్రి, ఎవరికో ఇవ్వాల్సిన కొత్త సోఫా మీద తడి మరక చూశాడు. లేత గులాబీ రంగు. వృత్తి అలవాటు కొద్దీ, ముందు ఆ రంగు ఆయనకు నచ్చింది. ఈ షేడు బట్టలో దొరుకుతుందా అని కూడా అనుకున్నాడు. అంతలో దిండు ఆ పక్కనే నడుం వంచుకుని, కళ్ళు మూసుకుని ముక్కుతూ కనబడింది. అప్పుడు భయం వేసింది.

పిల్లుల డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదస్తురాలు. దిండును బల్ల మీద పెడితే బల్ల కిర్రుమంది. పొట్ట తడిమి, సూది గుచ్చి, స్కానింగు తీసి, చేతులు కడుక్కుని కూర్చుంది.

"మూత్రాశయం వాచింది బాబాయ్ గారూ. రాళ్ళు లేవు, ఇన్‌ఫెక్షను లేదు. ఒత్తిడి వల్ల ఇలా వస్తుంది."

"నేనెప్పుడూ ఒత్తలేదమ్మా. ఎత్తుతాను, అంతే. అది కూడా నడుం పట్టేస్తోందని మానేశాను."

"ఆ ఒత్తిడి కాదండీ. మనసు మీద ఒత్తిడి. ఇంట్లో ఏమైనా గొడవలా?"

"గొడవ ఎక్కడిదమ్మా, మాటలే లేవు."

"మీరొక్కరే ఉంటారా?"

"లేదు, ఇద్దరం ఉంటాం," అని మేస్త్రి పద్ధతంతా వివరించాడు. కొంచెం గర్వంగానే వివరించాడు, పిల్లి తెలివి గురించి కాబట్టి. డాక్టరమ్మ విన్నంతసేపూ విని, కలం మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"చూడండి బాబాయ్ గారూ. వీణ్ణి మీ మధ్య తిప్పకండి. తిండి కొద్దికొద్దిగా తగ్గించండి. ఒక్కసారిగా మాడిస్తే లివరు పాడవుతుంది. నీళ్ళు కలిపిన మెత్తటి తిండి పెట్టండి. ఇంట్లో ప్రశాంతంగా ఉండాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. మగపిల్లికి దారి సన్నం. మూత్రం పూర్తిగా బిగిస్తే ప్రాణం మీదికొస్తుంది. చుక్క రావడం లేదని అనుమానం వస్తే ఏ పని ఉన్నా వదిలేసి తీసుకొచ్చెయ్యండి."

మేస్త్రి దారంతా ఈ మాటలు వల్లించుకుంటూ ఇంటికొచ్చాడు. మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఇదంతా పైకి చెప్పాలి. గొంతు సవరించుకున్నాడు.

"దిండూ! ఇకమీదట నిన్ను కబుర్లకి పిలవకూడదట. డాక్టరమ్మ గట్టిగా చెప్పిందని ఆవిడతో చెప్పరా!" అని, అలవాటు చొప్పున బిస్కెట్టు పెట్టాడు.

"దిండూ! నేనెక్కడ పిలుస్తున్నాను, పిలిచేదంతా కిందవాళ్ళేనని చెప్పరా!" అని పైనుంచి జవాబొచ్చింది, చేప వాసనతో సహా.

దిండు ఆయాసపడుతూ పైకి వెళ్ళింది. ఆయాసపడుతూ కిందికొచ్చింది.

అయినా ఇద్దరూ దుర్మార్గులేం కాదు. మర్నాటి నుంచి పిల్లిని పిలవడం మానేశారు. మేస్త్రి కుట్టు మిషనుతో చెప్పుకునేవాడు: "ఏమమ్మా మిషనూ, పైన నీళ్ళ మోటారు ఎవరు ఆపుతారో!" ఆవిడ ఫ్రిజ్జుతో చెప్పుకునేది: "ఫ్రిజ్జూ, నీకు తలుపు ఉన్నట్టు కొంతమందికి బుర్ర కూడా ఉంటే బాగుండేది. తెరిచి చూసేదాన్ని, లోపల ఏమైనా ఉందేమోనని." మిషనుకీ ఫ్రిజ్జుకీ చేపలూ బిస్కెట్లూ అక్కర్లేదు కాబట్టి ఇద్దరికీ నోటి ధారాళం పెరిగింది. దిండుకు మాత్రం ఏమీ బోధపడలేదు. కేక వినబడుతోంది, ముక్క పడడం లేదు. పైకి వెళ్ళాలో కిందికి రావాలో తేల్చుకోలేక మెట్ల మధ్యలో కూర్చుని, కేక ఎటునుంచి వస్తే అటు తల తిప్పేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఆవిడ డ్యూటీలో ఉండగా, దుకాణం వెనక నుంచి చిన్నపిల్ల ఏడుపులాంటి అరుపు వచ్చింది. మేస్త్రి వెళ్ళి చూశాడు. దిండు తను పోసుకునే ఇసుక ట్రేలో కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. ట్రే నిండా గోళ్ళ గీతలు, తడి లేదు. మేస్త్రి చేతిలో కత్తెర అక్కడే పడేశాడు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"వెంటనే తీసుకొచ్చెయ్యండి! ఆఖరిసారి ఎప్పుడు పోశాడు?"

"నా ట్రేలో నిన్న పొద్దున పోశాడమ్మా."

"ఇంకో ట్రే ఉందా?"

"పైన ఉంది. అది ఆవిడ శాఖ."

"ఆవిడని అడిగి రండి. ఎంతసేపయిందో నాకు తెలియాలి."

మేస్త్రి పైకి పరిగెత్తాడు. పై ట్రే శుభ్రంగా కడిగి, కొత్త ఇసుక పోసి ఉంది. కడగకముందు ఏముందో కడిగినావిడకే తెలుసు. ఆవిడకు ఫోన్ చేశాడు. డ్యూటీలో ఆవిడ ఫోన్ సంచిలో ఉంటుంది, సంచి బీరువాలో ఉంటుంది. మోగీ మోగీ ఆగిపోయింది.

పిల్లుల బుట్టలో దిండు పట్టక చాలా రోజులైంది. పెద్ద సోఫా దిండు గలీబు తీసి, అందులో పిల్లిని దింపి, తల మాత్రం బయటికి ఉంచి జిప్పు లాగాడు. సోఫాలు మోసే వ్యానులో పక్క సీటు మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఆస్పత్రికి వెళ్ళే దారిలోనే బస్టాండు. వ్యాను అడ్డదిడ్డంగా ఆపి, గలీబు చంకనేసుకుని, విచారణ కిటికీ దగ్గరికి ఉరికాడు. అద్దం వెనక ఆవిడ, ముందు మైకు.

ఆవిడ ఆయన్ని చూసింది. గలీబులోంచి వేలాడుతున్న తలను చూసింది. ముఖం పాలిపోయింది. మైకు మీది చెయ్యి తియ్యకుండానే కుర్చీలోంచి సగం లేచింది.

మేస్త్రి నోరు తెరిచాడు. "దిండూ," అన్నాడు, "ఆవిడతో చెప్పరా, పై ట్రేలో..."

దిండు తల ఎత్తలేదు. పేరు పిలిస్తే చెవి కూడా కదపలేదు. కబురు మోసే జీవిలో తన బరువు తాను మోసుకునే ఓపిక కూడా లేదు. మేస్త్రి ఆ తల వంక చూశాడు. తరువాత అద్దం వంక చూశాడు.

"ఏమోయ్," అన్నాడు. "వీడికి బిగిసిపోయింది. పై ట్రేలో ఎప్పుడు పోశాడు?"

"నా ట్రేలో నిన్నంతా చుక్క లేదండీ!" అంది ఆవిడ. "మీ కింద పోస్తున్నాడు కదా అనుకున్నాను!"

మైకు ఆన్‌లో ఉంది. అన్ని ప్లాట్‌ఫారాల మీదా, టీ కొట్టు దగ్గరా, మరుగుదొడ్ల ముందు వరసలోనూ ఆ మాట స్పష్టంగా, ఒత్తులతో సహా వినబడింది. బస్టాండు ఒక్క క్షణం ఆగింది. చాలామంది తమ కింద తాము చూసుకున్నారు. పెట్టె మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి కిటికీ దగ్గరికొచ్చి, "ఏ బస్సమ్మా అది?" అని అడిగాడు.

ఆవిడ మైకు దగ్గరికి లాక్కుంది. "ప్రయాణికులకు గమనిక. ఇప్పుడు చెప్పినది బస్సు గురించి కాదు," అని ప్రకటించి, పక్క సీటావిడకు మైకు అప్పగించి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికొచ్చింది. వ్యానులో గలీబును ఒళ్ళో పెట్టుకుంది.

"బుట్ట ఏమైంది?"

"పట్టలేదు."

"ఎలా పడతాడు, మీరు బిస్కెట్లు మేపుతుంటే? జేబుల్లో పొడి నేనే కదా దులిపి ఉతుకుతున్నది!"

"నేనా? వాడి మీసాలకి చేప కంపు నేను పూశానా?"

"ఎడమకి తిప్పండి, ఎడమకి!"

"నాకు తెలుసు!"

డాక్టరమ్మ దిండుకు మత్తిచ్చి, సన్నటి గొట్టం వేసి, బిగిసిన మూత్రం తీసింది. ఇంకొంచెం ఆలస్యమైతే చేయి దాటిపోయేదని చెప్పింది. ఇద్దరూ ఒకేసారి బెంచీ మీద కూలబడ్డారు. గొట్టం తీశాక, తనంతట తాను పోసేవరకూ దిండు ఆస్పత్రిలోనే ఉండాలంది డాక్టరమ్మ. తరువాత తిండి గురించి అడిగింది. ఇద్దరూ ఒకేసారి, "నేను పెట్టేది కొంచెమేనండీ," అన్నారు. డాక్టరమ్మ ఆ రెండు కొంచేల్నీ కలిపి, పులిపిల్లకు సరిపోతుందని చెప్పింది.

దిండు ఇంటికొచ్చాక తిండి గిన్నె ఒకటే అయింది. ట్రేలు మాత్రం రెండూ ఉంచమంది డాక్టరమ్మ. కానీ శాఖలు రద్దయ్యాయి. ఇంటికొచ్చిన సాయంత్రం ఇద్దరూ వంటింట్లో పోట్లాడుకుంటున్నారు, పోట్లాట మధ్యలో దూరడానికి మూడోప్రాణి లేకుండా. ప్రశాంతత కావాలన్నారు కాబట్టి గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. ఆవిడకు గుసగుస బొత్తిగా చేతకాదు. పక్క వీధికి మాత్రం వినబడకుండా సర్దుకుంటోంది. పోట్లాట కుర్చీ గుంట దగ్గర మొదలై, అటు తాతల దాకా వెళ్ళింది.

దిండు వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆయన్ని చూసింది, ఆవిణ్ణి చూసింది. ఎవరూ పిలవలేదు. కాసేపు ఎదురుచూసి, లేచి, బాల్కనీలోని ట్రే ఎక్కింది.

ఇద్దరూ మాట ఆపేశారు. ఊపిరి కూడా ఆపేశారు. ఇసుక మీద చప్పుడు మొదలైంది. సన్నగా మొదలై, ధారగా మారి, చాలాసేపు సాగింది.

"చెంబుడు ఉంటుంది," అన్నాడు మేస్త్రి, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎక్కువే," అంది ఆవిడ.

దిండు ఇసుక కప్పి, కాళ్ళు విదిలించి వెళ్ళిపోయింది.

"ఎక్కడిదాకా వచ్చాం?" అన్నాడు మేస్త్రి.

"మీ తాత దాకా," అని ఆవిడ అక్కణ్ణుంచి అందుకుంది.