ఒక్క వాలు వరస

పెద్దక్క కళ్లు కాగితం మీదున్నాయి. వేళ్లు మాత్రం గళ్లపెట్టెలో తమ దారిన తాము తిరుగుతూ, ఒక్కో సీసపు అక్షరాన్నీ ఏరి, ఎడమచేతిలోని ఇనుప స్టిక్కులో పేరుస్తున్నాయి. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని. ఏ అక్షరం ఏ గడిలో ఉందని ఆవిడని అడిగితే, నీ ముక్కెక్కడుందని అడిగినట్టే. బొటనవేలి కొస నల్లబడి కాయకట్టింది. కళ్లద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకుంది. ప్రెస్సులో అందరికన్నా పెద్దది కనక పెద్దక్క అయింది. అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు.

కిటికీ కింద చిన్న పెట్టె ఒకటుంది. దాన్ని ఆవిడ తప్ప ఎవరూ ముట్టుకోరు. అందులోవి వాలు అక్షరాలు. ఎదురుగాలిలో నడిచే మనిషిలా కాస్త ముందుకు ఒరిగి ఉంటాయి. గీత ఒకచోట నిండుగా, మలుపులో వెంట్రుకంత సన్నగా సాగి, కొసన చిన్న పాదం మోపుతుంది. కొన్నిటి తోక తన దిమ్మె దాటి పక్కదాని మీదికి చాచుకుని ఉంటుంది. ఆ తోక కింద పలుచని కాగితం ముక్క మడిచి పెట్టకపోతే, మిషను ఒత్తిడికి పుటుక్కున విరుగుతుంది. ఆ కిటుకు పెద్దక్కదే. పుస్తకం మొదట్లో అంకితానికో, నాటకంలో ‘నిట్టూర్చి’ లాంటి సూచనకో తప్ప ఆ పెట్టె తెరిచేది కాదు. కూరలో ఉప్పు లాంటివి, దోసిళ్లతో పోస్తే ఎవరు తింటారు అనేది. మిషను నడిపేవాణ్ణి ఆవిడ తమ్ముడనే పిలిచేది. అతను మాత్రం వాటిని తాగొచ్చిన అక్షరాలనేవాడు.

ఈ మధ్య వాటిని అడిగేవాళ్లు లేరు. పెట్టెని సీసం కింద కరిగించడానికి పంపేద్దామని ఓనరు మొన్ననే అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి పెద్దక్కకి అన్నం సయించలేదు. అలాంటిది ఈ పొద్దున దర్జీ భార్య వచ్చింది. పోయిన భర్త జ్ఞాపకంగా పంచడానికి కార్డు కావాలనీ, జనం చదివి అవతల పారేసేలా ఉండకూడదనీ అంది. గోడమీది నమూనాల్లో వాలు అక్షరాలు చూసి, మొత్తం వాటిలోనే కావాలంది. ఓనరు సంబరపడిపోయి, పెట్టెకి ఆయుష్షు పోసిందనుకో, కార్డంతా వాలులోనే కట్టెయ్యమని చెప్పి వెళ్లాడు.

పెద్దక్క కాగితం చదివింది. పదిహేను వరసలు. పుట్టుక, వృత్తి, మంచితనం, అన్నీ ఉన్నాయి గానీ మనిషి లేడు. దర్జీ భార్యని స్టూలు మీద కూచోబెట్టి, ఆయన రోజూ ఏమనేవాడని అడిగింది.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. “‘రేపు తప్పకుండా ఇచ్చేస్తా’ అనేవాడండీ. ఆ మాట వినని గిరాకీ లేదు” అని, అంత దుఃఖంలోనూ ఫక్కున నవ్వేసింది.

మధ్యాహ్నం ఓనరు తిరిగొచ్చేసరికి పదిహేను వరసలు నిటారుగా ఉన్నాయి. పదహారోది కొత్తది, దర్జీ రోజూ అనే మాట. అదొక్కటే వాలు. అతని మొహం మాడిపోయింది. చేజేతులా పెట్టెని కొలిమిలో పెట్టుకుంటున్నావన్నాడు. పెద్దక్క గుండెలో రాయి పడింది. అయినా కళ్లద్దాలు సర్దుకుని అంది.

“అన్నీ ఒరిగితే ఏదీ ఒరిగినట్టు కనబడదు బాబూ. నిలబడ్డవాళ్ల మధ్య ఒకడు ముందుకి వంగితేనే, ఏదో చెప్పబోతున్నాడని తెలుస్తుంది. ఆవిడకి నచ్చకపోతే పెట్టె తీసుకెళ్లండి.”

తమ్ముడు, పేర్చిన వరసలన్నీ బిగించిన ఫారాన్ని మిషనుకి ఎక్కించి చక్రం మీద చెయ్యి వేశాడు. “ఇంకొక్కసారి చూద్దాం” అంది పెద్దక్క. రోజూ ప్రతి ఫారానికీ ఆవిడ అదే మాట అనేది. అతను వెనక నుంచి గొంతు మార్చి వెక్కిరించేవాడు, ఇవాళా వెక్కిరించాడు. ఆవిడ వంగి, అద్దంలోలా తిరగబడ్డ వరసని కుడినుంచి ఎడమకి గడగడా చదివి, ఒక తోక కింద జారిపోయిన కాగితం ముక్కని గోటితో వెనక్కి నెట్టింది. అతను నవ్వడం మానేశాడు.

తడి ఆరని మొదటి కార్డుని దర్జీ భార్య రెండు చేతులతో పట్టుకుంది. పుట్టుక మీదుగా, వృత్తి మీదుగా కళ్లు పోయి, చివరి వరస దగ్గర ఆగాయి.

“గుమ్మంలోంచి అంటున్నట్టే ఉందండీ” అంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఇంకో వంద ఎక్కువ వెయ్యమంది. బట్టలు అందనివాళ్లందరికీ ఇవ్వాలట.

ఓనరు పెట్టె మీది దుమ్ము తన రుమాలుతోనే తుడిచాడు. పెద్దక్కకి ఆ సాయంత్రం కడుపునిండినట్టయింది. వాలు అక్షరాల్ని కడిగి, దేని గడిలో దాన్ని పడుకోబెట్టి, స్టిక్కు తుడిచి మేకుకి తగిలించి ఇంటికి వెళ్లింది.

మర్నాడు ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. పదింటికి కూతురు వచ్చి, అమ్మ నిద్రలోనే పోయిందని చెప్పింది. మొహంలో ఏ బాధా లేదట.

ఆ వారమంతా తమ్ముడు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సోమవారం అందరికన్నా ముందొచ్చి, జన్మలో మొదటిసారి ఆ చిన్న పెట్టె తెరిచాడు. పేర్చడం రానివాడు, ఒక్కో అక్షరానికీ గడులన్నీ వెతుక్కుంటూ పొద్దంతా కూచున్నాడు.

అతను పేర్చిన వరసని ఎవరూ అచ్చు వెయ్యలేదు, విప్పనూ లేదు. కిటికీ పక్క మేకు కింద బల్ల మీద పెద్దక్క స్టిక్కు ఇప్పటికీ ఉంది. అందులో ‘ఇంకొక్కసారి చూద్దాం’ అని ముందుకు ఒరిగిన అక్షరాలు, ప్రతి తోక కిందా ఒకటి చాలేచోట రెండేసి కాగితం ముక్కలు.