ఊరుకున్న వీధి

ఈలాయన కుడిచేత్తో బస్సును ఆపి, ఎడమచేత్తో ఎవరిదో ఫోను చెవికి ఆనించుకుని "అలాగే సార్, వదిలేస్తున్నా సార్" అంటున్నాడు. అవతల మాట్లాడేది ఎవరో ఆయనకి తెలియదు. ఎదురుగా మోటారుసైకిలు పిడుగులు కక్కుతుంటే ఎలా తెలుస్తుంది? ట్రాఫిక్ కొలువులో చేరిన నాటి నుంచీ ఆ కూడలిలో ఇదే వరస. సైలెన్సరు పీకేసిన బండిని ఈయన ఆపుతాడు, వాళ్లు ఫోను చేతికిస్తారు, ఈయన ఫోనుకి సెల్యూట్ కొట్టి బండిని వదిలేస్తాడు. సన్నటి మనిషి, ఎండకి వెలిసిన టోపీ. ఈల ఊదీ ఊదీ పెదవులు ముందుకొచ్చేశాయి. వేడి అన్నం ఊదుకుంటున్నా ఎవర్నో ఆపుతున్నట్టే ఉంటుంది.

ఇల్లు కూడలి పక్క మేడ మీదే. కిటికీ దగ్గర మంచం మీద అమ్మ. డాక్టరు చీటీలో మందులన్నీ కొట్టేసి "నిద్ర పోనివ్వండి" అన్నాడు. ఏ దుకాణంలోనూ దొరకని మందు అది. పొద్దున బయల్దేరుతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఒరే, నువ్వు ఈల వేస్తే బండ్లు ఆగుతాయి కదా?"

"ఆగుతాయమ్మా."

"మరి చప్పుడెందుకు ఆగదురా?"

టోపీ పెట్టుకుని వచ్చేశాడు.

కూడలికి అటుపక్క కాలనీ సంఘం వారు శబ్దకాలుష్యం మీద సభ పెట్టారు, లౌడ్‌స్పీకర్లతో. కార్యదర్శి ఈలాయనకి స్వయానా బావమరిది. "కొత్త చట్టం కావాలి!" అని ఆయన అరిస్తే మైకు కీచుమంది. చెవులు మూసుకున్నవాళ్లంతా చేతులు తీసి చప్పట్లు కొట్టారు. మధ్యలో బావమరిది మంచినీళ్లకని వచ్చి ఈలాయన గొడుగు నీడన నిలబడ్డాడు.

"కొత్త చట్టం వస్తేగానీ ఈ జనం దారికి రారు బావా."

"పాతది ఉందిగా. చప్పుడు చేసే బండిని ఆపెయ్యమని అందులోనే ఉంది."

"ఉంటే ఏంటి? అది పాతదిగా!"

కాళ్లకి చెప్పులుండగా, కాళ్లు కాలుతున్నాయి కొత్త చెప్పులు ఇప్పించండని అర్జీ పెట్టినట్టు తోచింది ఈలాయనకి. అంతలో టై కట్టుకున్న ఒకాయన బండి మీద ఉరుముతూ వచ్చి, ఆగి, అలవాటు ప్రకారం ఫోను అందించాడు.

"వినపడట్లేదండీ. పెద్దలు మాట్లాడుతున్నారు, కాస్త బండి ఆపండి."

ఆయన మర్యాదగా ఆపాడు. ఈలాయన తాళం లాగి జేబులో వేసుకుని, ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"సైలెన్సరు బిగించుకుని రండి, ఇస్తాను."

అంతే. ఆకాశం విరిగి మీద పడలేదు. ఇన్నేళ్లూ ఇంత తేలికైన పనా ఇది!

మధ్యాహ్నానికి గోడవారన బండ్లు బారు తీరాయి. లౌడ్‌స్పీకర్లకి అనుమతి ఏదని అడిగితే సభ కూడా ముగిసింది. బావమరిది అలిగి తన బండి స్టార్ట్ చేశాడు. కిటికీ అద్దాలు గజగజలాడాయి.

"బావా, నేను! ఇదిగో, అక్క లైన్లో ఉంది!"

ఈలాయన ఉద్యోగంలో అంతకు మించిన సిఫార్సు లేదు. బండి ఆపించి, తాళం మీద ఒక చెయ్యి వేసి ఫోను అందుకున్నాడు.

"ఏమండీ..." భార్య గుసగుసలాడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ గుసగుస వినడం ఇదే మొదలు. ఆ వీధిలో గుసగుసలు చెల్లేవి కావు. "అత్తయ్య ఏదో వింటోందండీ. నవ్వుతోంది. వాడి బండి వదిలారో, మీకు అన్నం పెట్టను."

తాళం జేబులో పడింది.

అప్పుడు వీధి ఊరుకుంది. ముందు దర్జీ మిషను వినిపించింది. తర్వాత ఎవరింట్లోనో కుళాయి బొట్లు. పావురం రెక్క విప్పితే కొత్త గుడ్డ చింపినట్టయింది. పై అంతస్తులో ఎవరో తుమ్మితే ఎదుటి మేడావిడ ఉలిక్కిపడి, ఆ ఇంట్లో మనుషులున్నారా అన్నట్టు చూసింది. చెట్టు ఆకులు గాలికి కదిలి ఏదో చెప్పుకుంటున్నాయి. ఇన్నాళ్లూ అవి ఊరికే ఊగుతాయనుకున్నాడు. బస్సు డ్రైవరు కిందికి దిగి చెప్పులు చప్పుడవకుండా నడిచాడు. బావమరిది నోరు తెరిచాడు గానీ, తన గొంతు తనకే పెద్దదిగా తోచి మూసుకున్నాడు.

"ఇదేంటి బావా, ఇంత ఉందా మన వీధిలో?" అన్నాడు చివరికి, మెల్లగా.

డ్యూటీ దిగి మెట్లెక్కుతుంటే ఈలాయనకి తన బూట్ల చప్పుడు తనకే సిగ్గనిపించింది. విప్పి చేత్తో పట్టుకున్నాడు. భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడుపు పెదవుల దగ్గరే ఆపుకుంది.

"ఇందాకే," అంది. "నిద్రపోయిందనుకున్నాను."

అమ్మ వీధివైపు చెవి ఒగ్గి పడుకుని ఉంది. దిండు మీద, తన చెవుల్లోంచి తనే తీసి పెట్టుకున్న రెండు దూది ఉండలు, ఇంకా చెవి ఆకారంలోనే నొక్కుకుపోయి ఉన్నాయి.