పాప సాక్సు తొడుక్కున్న ఐరిస్

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం తేనెటీగంటే. పాపను కుడుతుందన్న భయం లేకపోలేదు, కానీ అది రెండోది. మొదటిది, మా మామయ్యగారు పెళ్లి చేసిన పువ్వులో అది కాలు పెడుతుందేమోనని.

మామయ్యగారు జపాన్ ఐరిస్‌లు పెంచుతారు. పళ్లెమంత పువ్వులు. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి కుంచెతో అద్ది గింజ కట్టిస్తారు. పుట్టబోయే పువ్వుకి చారలొస్తాయా, అంచులొస్తాయా అని ఆయన పడే ఆత్రం, నేను కడుపుతో ఉన్నప్పుడు కూడా ఈ ఇంట్లో ఎవరూ పడలేదు. బడిలో పువ్వు పాఠం వచ్చేలోపే నా చదువు ఆగిపోయింది కాబట్టి, ఇదంతా ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను.

ఈసారి తల్లి తెల్లది, తండ్రి ఊదా చారలది. తెల్లదానికి మిగిలింది ఒకే ఒక్క పువ్వు. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడే. పొద్దున్నే దాని రేకులు తుంచి, పుప్పొడి అద్ది, చెంప పట్టుకుని పన్ను పీకించుకోవడానికి బయల్దేరారు.

"అమ్మాయ్, దానికి గుడ్డసంచీ తొడుగు. తేనెటీగ దూరిందంటే పుట్టేవాటికి తండ్రెవరో చెప్పలేం. పరువు పోతుంది."

"ఎవరి పరువు మామయ్యా?"

"పువ్వుదే!"

సంచీ పాప నోట్లో దొరికింది, తడిసి ముద్దయి. చేతికందిన పాప సాక్సు పువ్వుకి తొడిగి దారంతో కట్టేశాను. కుట్టించినట్టు సరిపోయింది. మురిసిపోయాను కూడా.

కాసేపటికి గుర్తొచ్చింది. పాప ఉమ్మేసిన తియ్యటి దగ్గుమందు తుడిచింది ఆ సాక్సుతోనే!

పరుగెత్తి చూద్దును కదా, తేనెటీగలు విందుకొచ్చిన చుట్టాల్లా సాక్సంతా పరుచుకుని కూర్చున్నాయి. వాటికి వాలే చోటు లేకుండా చెయ్యడానికే కదా ఆయన రేకులు తుంచింది. నేను పరుపు వేసిచ్చాను.

"ఏవండీ!"

మా ఆయన గడ్డానికి సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చారు. "పాపకేమైందే?"

"పాప బానే ఉంది. పువ్వండీ!"

"హమ్మయ్య, పువ్వేనా."

"హమ్మయ్యేంటి! మీ నాన్నకి మీరు చెప్తారా?"

ఆ మాటకి నురగ కింద ముఖం పాలిపోయింది. పుల్లతో దారం తెంపి, సాక్సు లాగి అవతలికి ఎగరేశారు. తేనెటీగలు దాని వెంట పడ్డాయి. పువ్వు బోసిగా మిగిలింది.

"చేతులు మూత పెట్టండి, మళ్లీ వస్తాయి!"

ఆయన మోకాళ్ల మీద కూలబడి, రెండు అరచేతుల మధ్య పువ్వుని దాచేశారు. అంతలో బూరె బుగ్గతో మామయ్యగారు వచ్చారు. కొడుకు వేళ్ల సందులోంచి ఒంటికన్నుతో తొంగిచూశారు.

"అద్దిన పొడి అద్దినట్టే ఉంది. ఏదీ దూరలేదు. ఒరేయ్, కదిలావంటే చూడు! ఇంకో సంచీ పట్టుకొస్తా."

లోపలికొచ్చి, నొప్పి మాత్ర వేసుకుని, "ఒక్క నిమిషం" అని నడుం వాల్చారు. ఆ గురక ఇక్కడికి వినిపిస్తోంది. పాప ఏడుపు విని నేనూ లోపలికొచ్చాను. అది నా ఒళ్లో ఇప్పుడే నిద్రపోయింది, కదిలితే లేస్తుంది. లేస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఇక్కణ్ణించి పూలమడి కనపడదు.

మీలో ఎవరైనా మా గేటు ముందునుంచి వెళ్తుంటే, మా ఆయన ఇంకా అలాగే ఉన్నారో లేదో ఒక్కసారి తొంగి చూడండి. పలకరించకండి మాత్రం. ఆయనకి మర్యాద ఎక్కువ, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేస్తారు.