మూడో కౌంటర్ చిక్కు

పాఠం చెప్పకుండా చదువు నేర్పడం ఆ కాలేజీలో కొత్త పద్ధతి. ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయం తన చిక్కునొకటి తెచ్చి ముందు పెడుతుంది, పిల్లలు జట్లు కట్టి దాని అంతు తేల్చాలి. ఈసారి నగరపాలక కార్యాలయం అడిగింది ఒకటే: మూడో కౌంటర్ దగ్గర వరుస ఎందుకు కదలదు?

ఆ కౌంటర్‌లో కూర్చునేది తన తల్లేనని బుజ్జి జట్టులో ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజే జట్టువాళ్లు ఆవిడకి 'నత్తమ్మ' అని పేరు పెట్టి పడీపడీ నవ్వారు. బుజ్జి కూడా నవ్వింది. ఒకసారి నవ్వాక ఇక ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఎన్నిసార్లు వెళ్లి దూరం నుంచి చూసినా జట్టుకి కారణం అంతుపట్టలేదు. ఒక సాయంత్రం కూర తరుగుతూ తల్లే అంది.

"కళ్లు ఆనడం లేదే బుజ్జీ. కాగితం మీద అక్షరాలన్నీ అలుక్కుపోతున్నాయి. నీ పరీక్షలయ్యాక ఆపరేషన్ చేయించుకుంటాలే. ఆఫీసులో తెలిస్తే కింద స్టోరు గదిలో పడేస్తారు, ఎవరితోనూ అనకు."

మర్నాడే బుజ్జి జట్టుతో అనేసింది. ఎలా కనిపెట్టావే అని అడిగితే "గమనించా" అంది. జట్టు ఆమెని ఆకాశానికెత్తేసింది. పొగడ్త ఎంత పాడుదో చూడండి, కడుపున పుట్టిన పిల్ల నోట్లో కూడా మాట ఆగనివ్వదు.

తేల్చింది అందరికీ చెప్పే రోజున పెద్దాఫీసరు కౌంటర్లవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చాడు. సగం చెప్పాక బుజ్జికి చివరి వరుసలో తల్లి కనిపించింది. అయినా కంఠతా పట్టిన మాటలు ఆగలేదు.

"నిజమేనా అమ్మా?" ఆఫీసరు వెనక్కి తిరిగి అడిగాడు.

తల్లి లేచి నిలబడింది. కూతురు తనని ఎవరో పరాయిమనిషిలా చెప్పుకొచ్చిందని ఆమెకి అప్పటికే అర్థమైంది.

"నిజమేనండీ. ఈ అమ్మాయెవరో గానీ ఇట్టే పట్టేసింది."

"అయితే రేపట్నుంచి స్టోరు గది చూసుకోండి" అన్నాడాయన. చప్పట్లు మోగాయి.

తర్వాత ఆఫీసువాళ్లు ఒక్కొక్కరే వచ్చి జట్టుని మెచ్చుకున్నారు. తల్లీ వచ్చింది.

"బాగా చెప్పారమ్మా. మీ ఇంట్లోవాళ్లు చాలా సంతోషిస్తారు."

పక్కన జట్టంతా నిలబడి చూస్తోంది.

"థాంక్యూ అండీ" అంది బుజ్జి.