కొట్టం గుమ్మం అంచు

లార్జాక్ పీఠభూమి మీద రాయికి కొదవ లేదు, కర్రకే కరువు. అందుకే అక్కడి గొర్రెల కొట్టాలకు దూలాలుండవు. కమాను పక్కన కమాను నిలబెట్టి, పైన పలకరాళ్లు కప్పేస్తారు. యులాలీ వాళ్ల కొట్టం ఆమె ముత్తాత కట్టింది. ఆ వేసవిలో దాని గుమ్మం కుంగి, కుడివైపు రాళ్లు జారిపడ్డాయి.

ఆమె మొగుడు ఫిర్మేన్ రాతి పనివాడు, పైగా ఇల్లరికపు అల్లుడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ గుమ్మాలు చెక్కాడు గానీ, తానుండే చోట తన చెయ్యి పడ్డ రాయి ఒక్కటీ లేదు. ఇన్నేళ్లకు అవకాశం దొరికింది, వదులుతాడా! ఎండలు తగ్గింది మొదలు చలి ముదిరేదాకా చెక్కి చెక్కి, కుడివైపు కొత్త రాళ్లు నిలబెట్టాడు. అంచు చూస్తే కళ్లు చెదరాల్సిందే.

పొరుగింటి సిప్రియాన్ వచ్చి వేలితో తడిమాడు. "ఒరే ఫిర్మేనూ, దీంతో గడ్డం గీసుకోవచ్చురా!" అన్నాడు. ఫిర్మేన్ మొహం చేటంత అయింది.

యులాలీకి మాత్రం గుండె గుభేలుమంది. మందంతా చూలుతో ఉంది. సాయంత్రమయ్యేసరికి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ గుమ్మంలోనే దూరతాయి. పదునైన అంచుకి పొట్ట కొట్టుకుందా, ఇక పిల్ల దక్కదు. పిల్లలు లేకపోతే పాలు లేవు, పాలు లేకపోతే అమ్ముకోడానికి జున్ను లేదు, ఏడాదంతా పస్తే.

"ఏవయ్యా, ఆ అంచు కాస్త కొట్టెయ్యవూ? ఎడంపక్క రాళ్లు చూడు, ఎంత గుండ్రంగా ఉన్నాయో."

"అవి అరిగి అలా అయ్యాయే పిచ్చిదానా. ఇన్నేళ్లు గొర్రెలు రాసుకుంటే అరగవూ?"

"అరిగినవి కాదు. మా ముత్తాత అలాగే చెక్కాడు."

"అయితే చేతగాక అలా చెక్కుంటాడు."

పుట్టింటివాళ్లనంటే ఏ ఆడది ఊరుకుంటుంది? "చేతగానివాడు కట్టిన కమాను కిందేనయ్యా నువ్వు తలదాచుకుంది! నీ అంచు తగిలి నా గొర్రెలు నెలలు నిండకుండా ఈచుకుపోతే, ఏం, నీ ఉలి పాలిస్తుందా?"

"ముందు తగలనీ, అప్పుడు చూద్దాం." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి.

ఇక చెప్పి లాభం లేదని, రోజూ సాయంత్రం ఆమే గుమ్మంలో నిలబడి, కుక్క చేత మందను ఆపించి, నాలుగేసి గొర్రెల్ని లోపలికి వదిలేది. కొన్నాళ్లు అలాగే నడిచింది.

ఒకరోజు మేత నుంచి మందను మళ్లిస్తుండగా టపటపా వడగళ్లు మొదలయ్యాయి. గొర్రెలు బెదిరి ఇంటికేసి పరుగు తీశాయి. కుక్క అడ్డుపడినా ఆగలేదు. యులాలీ వెనకబడిపోయింది.

"ఫిర్మేన్! గుమ్మం!" గొంతు చించుకుని అరిచింది.

వాకిట్లో ఉన్న ఫిర్మేన్ తలెత్తి చూశాడు. చేతిలో గంప పడేసి పరుగెత్తాడు. కొత్త అంచుకు వీపు ఆనించి, మందకు ఎదురు నిలబడ్డాడు. గొర్రెలు అతన్ని రాతికేసి నొక్కుకుంటూ, తొక్కుకుంటూ లోపలికి దూరాయి. యులాలీ రొప్పుకుంటూ వచ్చేసరికి మందంతా లోపలే ఉంది. అతనింకా అక్కడే అతుక్కుని ఉన్నాడు.

"దెబ్బ తగిలిందా?"

"అబ్బే, ఏం లేదు." కానీ నడవడానికి ఆమె భుజం పట్టుకోవలసి వచ్చింది.

పొయ్యి దగ్గర చొక్కా విప్పించి, వెచ్చచేసిన గొర్రె కొవ్వు రాయబోతూ ఆగిపోయింది. వీపు మీద పైనుంచి నడుందాకా ఒకటే కమిలిన గీత. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

"ఏమైందే?"

"ఏం లేదయ్యా. తాడు పట్టి గీసినట్టుంది. ఎంత వెతికినా వంకర లేదు."

అతనూ నవ్వబోయి మూలిగాడు. "అవి తోస్తుంటే ఊపిరాడలేదే యులాలీ. నేను కడుపుతో లేను గనక సరిపోయింది," అన్నాడు.

పొద్దున్నే సుత్తి చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే, అంత ముచ్చటపడి తీర్చిన అంచు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఆమెకే ప్రాణం ఉసూరుమంది.

"చాల్లేవయ్యా, పదును తగ్గిందిగా."

"నువ్వూరుకో. బాగా పొట్ట ఉన్న గొర్రెనొకదాన్ని పట్టుకురా."

తెచ్చి రాయి పక్కన నిలబెట్టింది. అతను మోకాళ్ల మీద కూర్చుని, దాని వీపు ఎత్తున రాయి మీద బొగ్గుతో గీత పెట్టాడు. గీతకు పైన తన అంచును అలాగే ఉంచాడు. కింద మాత్రం గుండ్రంగా కొట్టి, అరగదీసి, మోచేతి లోపలి మెత్తటి చర్మంతో రుద్ది చూసుకుని మళ్లీ అరగదీశాడు. తర్వాత ఎడంపక్క పాత రాయి దగ్గరికెళ్లి తడిమాడు. ఇన్నేళ్లయినా దాని గుండ్రటి అంచు మీద ఉలి గాట్లు చేతికి తగిలాయి.

"మీ ముత్తాతని చేతగానివాడన్నాను."

"అన్నావు."

"తప్పన్నానే."

ఆమె అతని నెత్తిన పడ్డ రాతిపొడి దులిపింది.

ఆ సాయంత్రం యులాలీ గుమ్మం దగ్గరికి రాలేదు, నిశ్చింతగా వంట చేసుకుంది. ఫిర్మేన్ మాత్రం పక్కన నిలబడి, చివరి గొర్రె పొట్ట ఆ రాయిని రాసుకుంటూ లోపలికి వెళ్లేదాకా కదల్లేదు.